ఇన్సులిన్ పంపు ఉన్న సంచి దొంగిలించారు, ముందు ఏం చేయాలి?

వేలిచుక్క
టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవదు), పదకొండేళ్లుగా. రోజంతా ఇన్సులిన్ ఇచ్చే పంపు మీద ఆరేళ్లు. ఈ రోజు ఈతకు వెళ్తూ పంపు విప్పి, ఫోన్, మీటర్, స్పేర్ ఇన్సులిన్, పర్సు అన్నీ ఒకే సంచిలో వేసి లాకర్లో పెట్టాను. నలభై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే లాకర్ తలుపు వంగిపోయి వేలాడుతోంది. లోపల ఖాళీ. కాళ్లూ చేతులూ ఆడలేదు. పొట్ట మీద కాన్యులా (పంపు నుంచి ఇన్సులిన్ దిగే సన్నని గొట్టం) మాత్రం అలాగే అంటుకుని ఉంది, దానికి తగిలించడానికే ఏమీ లేదు. చేతికి షుగర్ చూసే సెన్సర్ ఉంది, అందులో అంకె చూపించే ఫోన్ లేదు.

అక్కడి మేనేజర్‌కి చెబితే "ఫోనే కదమ్మా, ఇంకోటి కొనుక్కోవచ్చు" అన్నాడు. పోయింది ఫోన్ ఒక్కటే కాదని అతనికి అర్థమయ్యేలా చెప్పడానికే పావుగంట పట్టింది. ఏడుపొచ్చేసింది.

ఇప్పుడు తమ్ముడి ల్యాప్‌టాప్ నుంచి రాస్తున్నాను. పంపు విప్పి రెండున్నర గంటలైంది. ఇంట్లో ఫ్రిజ్‌లో ర్యాపిడ్ (త్వరగా పనిచేసే) ఇన్సులిన్ పెన్ను ఒకటి ఉంది, లాంగ్ యాక్టింగ్ (రోజంతా మెల్లగా పనిచేసేది) లేదు. డాక్టర్ ఫోన్ ఎంగేజ్ వస్తోంది. తమ్ముడేమో ఫోన్ లొకేషన్ కనిపిస్తోంది, వెళ్లి పట్టుకుందాం అంటున్నాడు. ముందు ఏం చేయాలి?

పంపు_పదేళ్లు
దొంగ సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఒంటి సంగతి. పంపులో ఉండేది ర్యాపిడ్ ఒక్కటే. పెన్నుల మీద ఉన్నవాళ్లకి లాంగ్ యాక్టింగ్ వెనక కాపలా ఉంటుంది, మనకి అదీ ఉండదు. పంపు ఆగిన మూడు నాలుగు గంటల్లో ఒంట్లో ఇన్సులిన్ దాదాపు అయిపోతుంది, అక్కణ్ణుంచి కీటోన్లు (ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వు కరిగించుకుంటే రక్తంలో పేరుకునే ఆమ్లాలు) మొదలు. రెండున్నర గంటలు గడిచాయంటే మీకు తిరగడానికి టైం లేదు.

ఆ పెన్ను తీయండి. ఎక్స్‌పైరీ తేదీ చూడండి. పెన్ను సూదులు ఉన్నాయా? చాలామందికి పెన్ను ఉంటుంది, సూది ఉండదు. పెన్నుల కోసం మీ డాక్టర్ ఎప్పుడైనా రాసిచ్చిన లెక్క ఉంటే దాని ప్రకారం వేసుకోండి. ఎవరి దగ్గరైనా మీటర్ తెచ్చి ముందు ఒకసారి చూడండి.

రాత్రి_డ్యూటీ
నర్సుని. పైన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతున్నాను. వాంతులు, కడుపునొప్పి, ఊపిరి ఎగశ్వాసలా రావడం, నోట్లో పండ్ల వాసన, వీటిలో ఏది మొదలైనా ఇక ఫోన్లు కొడుతూ కూర్చోవద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి "టైప్ 1, పంపు పోయింది, ఇన్ని గంటలైంది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. "నీరసంగా ఉంది" అని మొదలుపెడితే వరుసలో కూర్చోబెడతారు.

బాణం_కిందికి
తమ్ముడికి చెప్పండి, లొకేషన్ స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకి ఇవ్వమని. స్వయంగా వెళ్లొద్దు. అతను ఇప్పుడు చేయగలిగే పెద్ద సాయం మీకో మీటర్ తేవడం.

ఒంటి_సూది
లొకేషన్ చూపిస్తున్నప్పుడు వెళ్లకపోతే ఇంకెప్పుడు వెళ్తారు? గంటలో స్విచాఫ్ చేసేస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఇచ్చేస్తాడు, దొంగలకీ భయం ఉంటుంది.

బాణం_కిందికి
@ఒంటి_సూది, ఆ ఇద్దరు ముగ్గురూ వీధి చివర ఎవడితోనో గొడవ పడుతుంటే ఇక్కడ ఆవిడ ఒంటరిగా 350 దాటుతుంది. షుగర్ అంత పెరిగినప్పుడు మనిషికి ఆలోచన సరిగ్గా సాగదు. పక్కన ఒకరు ఉండి తీరాలి.

వేలిచుక్క
మీటర్ దొరికింది. పక్కింటి పెద్దావిడది, టైప్ 2, వేళ్లు చల్లగా ఉన్నాయని ఆవిడే నా చేయి రుద్ది మరీ పొడిచింది. 287. సొరుగులో వెతికితే పెన్ను సూదులు రెండు దొరికాయి, రెండంటే రెండే. డాక్టర్ దొరికారు. పెరిగిన షుగర్ దించే కరెక్షన్ డోసు చెప్పారు, వేసుకున్నాను. లాంగ్ యాక్టింగ్ రాసి పంపారు, తమ్ముడు వెళ్లాడు.

ఒక్క దగ్గర ఆగిపోయాను. "రోజుకి మొత్తం బేసల్ ఎంత?" అని అడిగారు. బేసల్ అంటే తిండితో పని లేకుండా పంపు గంటగంటకీ ఇచ్చే ఇన్సులిన్. ఆరేళ్లుగా ఒంటికి తగిలించుకుని తిరిగిన అంకె, నాకు నోటికి రాలేదు. గంటగంటకీ మారే సెట్టింగులు, ఎంత పిండిపదార్థానికి ఎంత ఇన్సులిన్ అనే లెక్క, కరెక్షన్ లెక్క, అన్నీ ఆ పంపులోనే ఉన్నాయి. చివరకు రెండు నెలల కింద క్లినిక్‌లో పంపు డేటా అప్‌లోడ్ చేసిన రిపోర్టు చూసి ఆయనే చెప్పారు.

పంపు_పదేళ్లు
హమ్మయ్య. ప్రాణం లేచొచ్చింది. లాంగ్ యాక్టింగ్ వేసుకున్న వెంటనే పని చేయదు, అందుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. మధ్యలో ర్యాపిడ్ ఎప్పుడెప్పుడు వేసుకోవాలో డాక్టర్ని అడిగి రాసుకోండి. రాత్రికి అలారం పెట్టుకుని లేచి చూసుకోండి. ఈ రాత్రికి సెన్సర్ అరుపులు ఉండవు మీకు.

సెట్టింగుల మాట నిజం. నేను మూడు నెలలకోసారి పంపు స్క్రీన్లన్నీ ఒక్కొక్కటే తెరిచి ఫొటోలు తీసి మా ఆవిడ ఫోన్‌కి పంపుతాను. నా ఫోన్‌లో మాత్రమే ఉంచితే మీకు జరిగిందే జరుగుతుంది, రెండూ ఒకేసారి పోతాయి.

రాత్రి_డ్యూటీ
287 అంటే కీటోన్లు చూడాలి. 250 దాటి దిగకపోతే చూడమని చెబుతాం. రక్తంలో చూసే స్ట్రిప్పు ఉంటే మంచిది. 1.5 దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి, 3 దాటితే ఆలోచించేదేమీ లేదు, ఆసుపత్రే. నీళ్లు బాగా తాగండి.

వేలిచుక్క
0.9. నీళ్లు తాగుతున్నాను. వాళ్ల మనవడిని ఇక్కడే పడుకోబెట్టి పక్కింటావిడ నా దగ్గరే కూర్చుంది.

చిన్నోడి_అమ్మ
ఇది చదువుతుంటే నా గుండె గుభేలుమంది. మా వాడికి తొమ్మిదేళ్లు. కిందటేడు బడిలో వాడి మీటర్ పౌచ్ పోయింది. ఎవరో పిల్లాడు లోపల గేమ్ ఉందనుకుని తీసుకున్నాడు, స్క్రీన్ ఉంది కదా. స్ట్రిప్పుల డబ్బా తెరిచి అన్నీ బెంచీ కింద పోసి వదిలేశాడు. మధ్యాహ్నం మా వాడికి చేతులు వణుకుతుంటే చూసుకోవడానికి ఏమీ లేదు. అదృష్టం, వాడే టీచర్ దగ్గరికి వెళ్లి "నాకు లో అయింది, గ్లూకోజ్ ఇవ్వండి" అన్నాడు. లో అంటే షుగర్ పడిపోవడం.

చూసుకునే వీలు లేనప్పుడు లో అనిపిస్తే లో అనే అనుకుని తినమని వాడికి ముందే చెప్పి ఉంచాం. 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలు ఆగడం. అది వాడికి ఎక్కాలకన్నా ముందే వచ్చింది.

ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఎవరూ చెప్పలేదు. తర్వాత నేనే క్లాసుకి వెళ్లి అందరికీ మీటర్ చూపించి నా వేలు పొడుచుకుని చూపించాను. ఇప్పుడు ఆ పిల్లాడే మా వాడి పౌచ్‌కి కాపలా. ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోడట.

బాణం_కిందికి
ఆ కుర్రాడికి పెద్ద ఉద్యోగమే ఇచ్చారు 🙂

రెండో_జేబు
నా హ్యాండిల్ చూస్తేనే నేనేం చెబుతానో తెలిసిపోతుంది. అన్నీ ఒకే సంచిలో పెట్టొద్దు. మీటర్ ఒక చోట, పెన్ను ఇంకో చోట. ప్రయాణంలో సగం సామాను తోడు వచ్చేవాళ్ల సంచిలో. తోడు లేకపోతే ఒంటి మీద ఒక పెన్ను, ఒక సూది, గ్లూకోజ్ బిళ్లలు. విమానంలో అయితే ఇన్సులిన్ చెక్-ఇన్ సామానులో అసలు వేయకూడదు, సామాను పోవడం ఒకటి, కింద అరలో గడ్డకట్టే ప్రమాదం ఇంకొకటి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ఒంటి_సూది
రెండు చోట్ల పెడితే రెండూ పోగొట్టుకునేవాళ్లని చూశాను. ఒక్క పౌచ్, నడుముకి కట్టుకోవడం, అంతే. ఇరవై రెండేళ్లలో నాది ఒక్కసారీ పోలేదు. నేను పంపుకి మారకపోవడానికి ఇదీ ఒక కారణం. పెన్ను పోతే ఇంకో పెన్ను. పంపు పోతే జీవితమే ఆగిపోయినట్టుంది మీకు.

పంపు_పదేళ్లు
@ఒంటి_సూది, మీ ఇరవై రెండేళ్లకు నమస్కారం. కానీ పంపు మీదికి రావడం ఆవిడ తప్పన్నట్టు మాట్లాడకండి. పంపు వచ్చాకే నేను రాత్రి పూట భయం లేకుండా పడుకున్నాను. దొంగ ఉన్నాడని తలుపే పెట్టుకోకుండా ఇల్లు కట్టుకుంటామా?

ఒంటి_సూది
తప్పని అనలేదు. నా మాట అలా వినిపిస్తే మన్నించండి వేలిచుక్క గారూ. ఇంట్లో ఒక లాంగ్ యాక్టింగ్ పెన్ను ఎప్పుడూ ఉండాలి, నా ఉద్దేశం అదే.

పంపు_పదేళ్లు
అందులో మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. పంపు వాడే ప్రతి ఒక్కరి ఫ్రిజ్‌లో అది ఉండాలి. వాడక తేదీ దాటిపోతే పారేసి కొత్తది పెట్టుకోవాలి. అది వృథా కాదు.

మందుల_కౌంటర్
ఫార్మసిస్టుని. ఇన్సులిన్ దొంగతనం గురించి అందరూ ఒక వైపే చూస్తున్నారు, పోగొట్టుకున్నవాళ్ల వైపు. దొంగిలించిన ఇన్సులిన్ తర్వాత ఎటు పోతుందో కూడా చూడండి.

2009లో అమెరికాలో లెవెమిర్ అనే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ సుమారు 1,29,000 వయల్స్ దొంగతనానికి గురయ్యాయి. అవి మళ్లీ మార్కెట్‌లోకి వచ్చాయి. వాడినవాళ్లకు షుగర్ అదుపు తప్పడంతో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జనాన్ని హెచ్చరించింది. కారణం, వాటిని చల్లగా ఉంచకపోవడం. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. దొంగ దాన్ని ఫ్రిజ్‌లో పెట్టడు. ఎండలో నిలబెట్టిన బండిలో ఉన్నా, గోదాములో నెలలు పడి ఉన్నా సీసా మాత్రం అలాగే కనిపిస్తుంది. పాడైన ఇన్సులిన్ ఒక్కోసారి మబ్బుగా, పలుకులుగా మారుతుంది. చాలాసార్లు ఏ మార్పూ కనిపించదు. నీళ్లలా తేటగా ఉంటుంది, శక్తి మాత్రం ఉండదు. వేసుకున్నవాడు డోసు వేసుకున్నాననే అనుకుంటాడు.

అంటే ఒక దొంగతనంలో ఇద్దరు రోగులు దెబ్బతింటారు. పోగొట్టుకున్నవాడు ఒకడు, తెలియక కొన్నవాడు ఇంకొకడు. తెలియని చోట ఇన్సులిన్ కొనకండి, ఎంత అవసరమైనా.

చిన్నోడి_అమ్మ
"డోసు వేసుకున్నాననే అనుకుంటాడు" చదివి వణుకు పుట్టింది.

రెండో_జేబు
మరి ఆన్‌లైన్‌లో వాడిన పంపులు అమ్మేవాళ్లు కనిపిస్తారే? "కొత్తగా ఉంది, ఆరు నెలలే వాడాం" అని పెడతారు. వాటిలో దొంగవి ఎన్నో.

మౌనంగా_చదివేవాడు
నేనొకటి కొనబోయి ఆగాను. అమ్మేవాణ్ణి సీరియల్ నంబర్ అడిగితే మెసేజ్‌లు ఆపేశాడు. అప్పుడే అర్థమైంది.

పంపు_పదేళ్లు
సీరియల్ నంబర్ అడగడం మంచి పని. కానీ నంబర్ ఇచ్చినా కొనకండి. వేరేవాళ్ల పంపులో వేరేవాళ్ల బేసల్ ఉంటుంది. చెరపకుండా తగిలించుకుంటే వాళ్ల డోసు మన ఒంట్లోకి దిగుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

మందుల_కౌంటర్
స్ట్రిప్పులకీ ఇదే. వేరేవాళ్లు వాడగా మిగిలినవి, తెరిచిన డబ్బాలు కొనవద్దని 2019లో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా చెప్పింది. తేమ తగిలిన స్ట్రిప్పు తప్పు అంకె చూపిస్తుంది. ఆ అంకెని చూసే కదా మనం ఇన్సులిన్ వేసుకునేది.

వేలిచుక్క
రాత్రంతా మూడు గంటలకోసారి లేచాను. తెల్లవారుజామున 163. లాంగ్ యాక్టింగ్ అందుకున్నట్టుంది. అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు.

స్టేషన్‌కి వెళ్లొచ్చాం. ఫిర్యాదు రాసుకునేటప్పుడు "ఫోన్, పర్సు, ఒక ఎలక్ట్రానిక్ పరికరం" అని రాశారు. పంపు అంటే ఏమిటో చెప్పినా పెద్దగా పట్టించుకోలేదు.

బాణం_కిందికి
అక్కడ వదిలేయకండి. నా అనుభవం చెబుతాను. నా పంపు కంట్రోలర్ రైల్లో పోయింది. మొదటి ఫిర్యాదులో నేనూ "చిన్న రిమోట్ లాంటిది" అని రాయించాను. ఎవరూ కదల్లేదు. రెండో రోజు డాక్టర్ దగ్గర ఒక లెటర్ తీసుకుని వెళ్లాను. "ఇది లేకపోతే ఈ రోగికి గంటల్లో ప్రాణాపాయం" అని ఒకే వాక్యం. సీరియల్ నంబర్, ఫొటో జత చేశాను. అప్పుడు ఆ ఆఫీసర్ చూసిన చూపే మారింది. ఆయన తల్లికి షుగరట, తర్వాత చెప్పారు.

"ప్రాణాధార వైద్య పరికరం" అని రాయించండి. అదే మాట.

వేలిచుక్క
సీరియల్ నంబర్ పంపు వెనక ఉంటుంది. పంపే లేదు.

పంపు_పదేళ్లు
పంపు వచ్చిన పెట్టె మీద ఉంటుంది. పెట్టె పారేసి ఉంటే కంపెనీ కస్టమర్ కేర్ వాళ్ల రికార్డులో మీ పేరు మీద ఉంటుంది. వాళ్లకి ఫోన్ చేసి పోయిందని నమోదు చేయించండి. అదే పంపు పేరు మీద ఎవరైనా సరఫరా కోసం ఫోన్ చేస్తే వాళ్లకి తెలుస్తుంది. అదే ఫోన్‌లో తాత్కాలికంగా ఇంకో పంపు ఇవ్వగలరా అని కూడా అడగండి. అడిగితేనే చెబుతారు. వారంటీ పాడైనవాటికే, దొంగతనానికి సాధారణంగా వర్తించదు. ఇన్సూరెన్స్ ఉంటే ఫిర్యాదు కాపీ లేకుండా వాళ్లు కదలరు.

బాణం_కిందికి
కంట్రోలర్ గురించి అడుగుతారేమో, ముందే చెబుతున్నాను. నాది ఒంటికి అంటించే ప్యాచ్ పంపు. కంట్రోలర్ పోయినా ఒంటి మీది పాడ్ బేసల్ ఇస్తూనే ఉంది. అందుకే బతికిపోయాను. భోజనానికి వేసే బోలస్ డోసు మాత్రం ఇవ్వడం కుదరదు, దానికి పెన్ను వాడాను. పాడ్ మూడు రోజులే. ఆ మూడు రోజుల్లో కొత్త కంట్రోలర్ వచ్చింది. ప్రతి పంపూ ఒకేలా ఉండదు, మీదేంటో మీరు ముందే తెలుసుకోండి.

రెండో_జేబు
సంచి మీద "మెడికల్ డివైస్" అని పెద్దగా రాసి పెడితే? దొంగ వదిలేసి పోతాడేమో.

ఒంటి_సూది
లేదా ఖరీదైనదని తెలిసి ముందు దాన్నే ఎత్తుకుంటాడు.

చిన్నోడి_అమ్మ
మేం రాశాం. "ఇందులో ఆట వస్తువులు లేవు. ఇది లేకపోతే మా బాబు ప్రమాదంలో పడతాడు. దొరికితే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి." ఫోన్ నంబర్ పౌచ్ లోపల, పైన కాదు. ఒకసారి నిజంగానే పార్కులో మర్చిపోతే ఎవరో ఫోన్ చేసి ఇచ్చారు. దొంగకి పనికొస్తుందో లేదో తెలియదు కానీ మంచివాళ్లకి పనికొస్తుంది.

రాత్రి_డ్యూటీ
@చిన్నోడి_అమ్మ, ఆ వాక్యాలు తీసుకుంటున్నాను, మా వార్డు పిల్లల తల్లిదండ్రులకి ఇవ్వడానికి. అనుమతి ఉందనుకుంటాను.

చిన్నోడి_అమ్మ
తప్పకుండా. ఎంతమందికైనా ఇవ్వండి.

బాణం_కిందికి
ఇంకో విషయం ఎవరూ అనలేదు. ఇప్పుడు మనకి ఫోన్ కూడా వైద్య పరికరమే. సెన్సర్ అంకె అందులో, లో అలారం అందులో, కొందరికి పంపు నడిపేదీ అందులోనే. ఫోన్ కొట్టేసినవాడికి తను అలారం కొట్టేశానని తెలియదు. కొన్ని సెన్సర్లు మొదలుపెట్టిన ఫోన్‌తోనే మాట్లాడతాయి. కొత్త ఫోన్ తెచ్చినా ఒంటి మీది సెన్సర్ తీసేసి కొత్తది పెట్టుకోవాల్సిందే. నేను పాత ఫోన్ ఒకటి ఛార్జ్ చేసి, యాప్ వేసి ఇంట్లో ఉంచుతాను. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఉంచుతాను, ఫోన్‌లో కాదు.

మౌనంగా_చదివేవాడు
ఈ వేదికలో మూడేళ్లుగా చదువుతున్నాను, ఒకటి రెండు ముక్కలు తప్ప రాయలేదు. ఇది రాయాలనిపించింది.

హాస్టల్లో ఉన్న రోజులు. కామన్ ఫ్రిజ్‌లో నా పెన్నులు పెట్టుకునేవాణ్ణి, పేరు రాసి. ఒక నెల రెండు పెన్నులు మాయం. ఇంకో నెల ఒకటి. వార్డెన్‌కి చెప్పాను, అందరి మీదా అనుమానపడ్డాను, స్నేహితులతో మాటలు ఆగిపోయాయి. ఒక రాత్రి నీళ్లకని వెళ్తే ఫ్రిజ్ తలుపు తీసి ఒకడు నిలబడి ఉన్నాడు. పై అంతస్తు కుర్రాడు. నా పెన్ను చేతిలో. నన్ను చూసి పరిగెత్తలేదు. ఫ్రిజ్ లైటు వెలుగులో వాడి చేతులు చూశాను. వేళ్ల చివర్లన్నీ నల్లటి చుక్కలు. నా చేతుల్లాగే.

వాడిదీ టైప్ 1. ఎవరికీ చెప్పలేదు. ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయాక డోసు సగం సగం వేసుకుంటూ బతుకుతున్నాడు. సూది కూడా మార్చకుండా వారాల తరబడి ఒకటే. కోపంతో ఊగిపోవాల్సినవాణ్ణి, నోట మాట రాలేదు. ఆ పెన్ను వాడికే ఇచ్చేశాను. తర్వాత ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

దొంగతనాన్ని సమర్థించడం లేదు. ఆ మూడు పెన్నులు పోయిన రోజుల్లో నేను కూడా డోసు తగ్గించుకుని గడిపాను, ఒకసారి ఆసుపత్రి పాలయ్యాను. కానీ దొంగ అనగానే నాకు ఆ వేళ్లే గుర్తొస్తాయి.

పంపు_పదేళ్లు
చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు.

1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు మనలాంటి పిల్లల్ని కడుపు మాడ్చి కొన్ని నెలలు ఎక్కువ బతికించేవారు, అంతే. కనిపెట్టినవాళ్లు పేటెంట్‌ని తలా ఒక్క డాలర్ పుచ్చుకుని యూనివర్సిటీకి రాసిచ్చేశారు, ఇది అందరికీ అందాలని. ఆ మందు కోసం ఒక కుర్రాడు అర్ధరాత్రి ఇంకో కుర్రాడి పెన్ను తీయాల్సి రావడం నాకు మింగుడుపడటం లేదు.

ఒంటి_సూది
అతను ఇప్పుడెలా ఉన్నాడు?

మౌనంగా_చదివేవాడు
బాగున్నాడు. ఇద్దరు పిల్లలు. పండగలకి ఫోన్ చేస్తాడు. నా పేరు వాడి ఫోన్‌లో "ఫ్రిజ్" అని ఉంటుందట.

చిన్నోడి_అమ్మ
కళ్లల్లో నీళ్లు తిరిగాయి అన్నా.

రెండో_జేబు
అర్థం చేసుకుంటాను, కానీ ఒకటి చెప్పక తప్పదు. అవసరంలో తీసేవాడు వేరు, వేలిచుక్క గారి లాకర్ విరగ్గొట్టినవాడు వేరు. వాడికి పంపు అంటే ఏమిటో కూడా తెలియదు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టొద్దు.

మౌనంగా_చదివేవాడు
కట్టడం లేదండి. మీరన్నది నిజమే.

రాత్రి_డ్యూటీ
ఎవరైనా ఇక్కడ డోసు సగం చేసుకుని గడుపుతుంటే దయచేసి చెప్పండి, ఇక్కడ కాకపోతే నాకు మెసేజ్ చేయండి. మీ డాక్టర్‌కి చెప్పండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు. డోసు ఎగ్గొట్టి వచ్చినవాళ్లని వార్డులో చాలామందిని చూశాను. అడిగి ఉంటే ఏదో ఒక దారి దొరికేది.

వేలిచుక్క
ఐదో రోజు. సంచి దొరికింది.

ఈతకొలను వెనక గోడ అవతల పొదలో పడి ఉందని అక్కడ శుభ్రం చేసే ఆవిడ తెచ్చిచ్చింది. ఫోన్ లేదు, పర్సు లేదు. మిగతావన్నీ ఉన్నాయి. వాడికి ఏవి అక్కర్లేదో అవన్నీ నాకు ప్రాణం.

జిప్ తీయగానే వాసన. మీ అందరికీ తెలుసు కదా, ఇన్సులిన్‌కి ఉండే ఆ ఆసుపత్రి కట్టు వాసన. అడుగున తువ్వాలు ఒక మూల తడిగా ఉంది. పంపు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఈతకు వెళ్లే తొందరలో డెలివరీ ఆపడం మర్చిపోయాను. ఇన్ని రోజులూ అది నాకే ఇస్తున్నాననుకుని గంటగంటకీ బేసల్ ఇస్తూనే ఉంది, చుక్క చుక్కగా, తువ్వాలుకి. తెల్లవారుజామున నాకు షుగర్ పెరుగుతుందని నాలుగింటికి కాస్త ఎక్కువ పెట్టి ఉంచాను. నాలుగింటికి ఎక్కువే ఇచ్చి ఉంటుంది.

దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

పంపు_పదేళ్లు
తగిలించుకోలేదు కదా?

వేలిచుక్క
లేదు. ఇన్ని రోజులు ఎండలో ఉంది, లోపల ఏం దెబ్బతిందో తెలియదు. కంపెనీ వాళ్లు పంపమన్నారు, పరీక్షిస్తారట. స్పేర్ ఇన్సులిన్ పారేశాను, చూడటానికి తేటగానే ఉంది. @మందుల_కౌంటర్ మాటలు గుర్తొచ్చాయి. తాత్కాలిక పంపు ఎల్లుండి వస్తుంది. సెట్టింగులన్నీ పాత పంపు స్క్రీన్ల మీంచి కాగితం మీద రాసుకున్నాను, ఫొటోలు తమ్ముడి ఫోన్‌లో, పక్కింటావిడ ఫోన్‌లో కూడా. సీరియల్ నంబర్ ఆవిడ కేలెండర్ మీద రాసుకుంది.

మందుల_కౌంటర్
మంచి పని చేశారు. ఖాళీ పెన్నులు, వాడిన సూదులు చెత్తలో వేయకుండా సూదుల డబ్బాలో వేయండి. ఆ శుభ్రం చేసే ఆవిడ చేయి పెట్టి తీసిందా సంచి?

వేలిచుక్క
అవును. వాడిన లాన్సెట్లు (వేలు పొడిచే సూదులు) చిన్న డబ్బాలో మూత పెట్టి ఉన్నాయి, ఆవిడకి ఏమీ గుచ్చుకోలేదు. నేనూ అదే అడిగాను ముందు.

ఒంటి_సూది
పంపు లోపలి ఇన్సులిన్ రిజర్వాయర్‌లో ఎంత మిగిలింది?

వేలిచుక్క
ఈతకు ముందు 140 ఉండేది. ఇప్పుడు 61.